స్థానిక కృతికి పరాయి కొలబద్ద: ‘ది మిల్పీటస్ మాన్‌స్టర్’ పునరావిష్కరణపై ఒక అభ్యంతరం

మరుగునపడిన కృతి ఏదైనా మళ్ళీ చర్చకు వచ్చినప్పుడు ‘పునరావిష్కరణ’ అనడం విమర్శలో పరిపాటి. ఆ కృతి ఎవరికి మరుగైంది అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినబడుతుంది. 1976లో విడుదలైన ‘ది మిల్పీటస్ మాన్‌స్టర్’ అనే ఔత్సాహిక చలనచిత్రం విషయంలో ఈ ప్రశ్న తప్పనిసరి.

ఉత్తర కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతపు దక్షిణపు కొసన ఉన్న చిన్న పట్టణం మిల్పీటస్. అక్కడి శామ్యూల్ ఏయర్ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు రాబర్ట్ బరిల్ తన విద్యార్థులతో కలిసి ఈ చిత్రాన్ని నిర్మించాడు. నిండిపోయిన డంపింగ్ యార్డులోని కాలుష్యం నుంచి ఒక మహాకాయ రాక్షసి పుట్టి, చెత్తడబ్బాల కోసం ఊరిమీద పడుతుంది. స్థూలంగా కథ ఇంతే. ఊరివారే నటులయ్యారు. మరుసటి ఏడాది ‘స్టార్ వార్స్’తో ప్రసిద్ధుడైన బెన్ బర్ట్ దీని ధ్వని విభాగంలో పనిచేశాడు.

బయటి ప్రేక్షకుడు ఈ చిత్రాన్ని ‘కనుగొన్నప్పుడు’ అతనికి ముందుగా కనబడేది వేషంలోని కృతకత్వం, నటనలోని తడబాటు. నవ్వుకోవడానికి పనికివచ్చే వింత వస్తువుగా దానిని ఆదరిస్తాడు. ఇది ఆదరణ రూపంలో ఉన్న తిరస్కారం. ఊరివారికి ఆ రాక్షసి వింత కాదు. వారి చెత్త, వారి గాలి. సమీపంలోని న్యూబీ ఐలండ్ డంపింగ్ యార్డు దుర్గంధంపై ఈ శతాబ్దంలోనూ అక్కడివారు ఫిర్యాదులు చేస్తూనే వచ్చారు. ఆ పరిసరాల్లో నేడు నివసిస్తున్న తెలుగువారూ పీల్చేది ఆ గాలినే. ఈ సందర్భాన్ని విడిచి చేసే శిల్పవిమర్శ అసమగ్రమే కాదు, అన్యాయం కూడా.

ఈ న్యాయం మన సాహిత్య చరిత్రకు కొత్తది కాదు. 1880లో కందుకూరి వీరేశలింగం ‘వ్యవహార ధర్మబోధిని’ని రాజమహేంద్రవరంలో తన విద్యార్థుల చేత ప్రదర్శింపజేశాడు. అక్కడా ఉన్నది ఒక ఉపాధ్యాయుడు, అతని శిష్యులు, కళ్ళెదుట ఉన్న ఒక స్థానిక దురాచారం. ఆ పిల్లల అభినయ పరిణతిని కొలిచి ఆ ప్రదర్శనకు విలువ కట్టిన చరిత్రకారుడు లేడు. బళ్ళారి రాఘవ వృత్తిరీత్యా న్యాయవాది అన్న కారణంగా ఆయన నటనను ఎవరూ తక్కువ చేయలేదు. నాటకానికి వర్తింపజేసిన ఔదార్యాన్ని చలనచిత్రానికి నిరాకరించడానికి శాస్త్రీయమైన కారణమేదీ లేదు. ఉన్నది శాఖల మధ్య గిరిగీసుకున్న అలవాటు మాత్రమే.

ప్రతి ఔత్సాహిక చిత్రమూ పరిశోధనార్హమేనా అన్నది సహేతుకమైన ఆక్షేపణ. కాదు. ఊరి అభిమానం ఒక్కటే ప్రమాణమైతే పరిశోధన స్తుతిపాఠంగా మిగులుతుంది. తన కాలంలోని ఏ భయానికి ఆ కృతి రూపమిచ్చింది, ఆ రూపాన్ని ఊరు ఎందుకు తనదిగా నిలుపుకొన్నది అన్నవే ప్రమాణాలు కావాలి. ఈ పరీక్షకు మిల్పీటస్ రాక్షసి నిలుస్తుంది. సాంకేతికంగా నిర్దుష్టమైన వ్యాపార చిత్రాలు అనేకం నిలవవు.

తెలుగు శాఖలకు ఈ చర్చతో పని ఏమిటని అడగవచ్చు. మన పట్టణాలలో ఔత్సాహికులు తీసిన చిత్రాలు, నాటక సమాజాల ప్రదర్శనల దృశ్యముద్రణలు వ్యక్తుల ఇళ్ళలో వీడియో క్యాసెట్లుగా ఉన్నాయి. అయస్కాంతపు టేపు తాళపత్రమంత కాలం నిలవదు. వాటిలోని మాండలికం, హాస్యం, ఊరి భయాలు మరొకచోట నమోదు కాలేదు. పరిశోధనాంశాల పరిధిని నిర్ణయించే మండలులు ‘సాహిత్యేతరం’ అన్న ఒక్క మాటతో వాటిని తోసిపుచ్చితే, రేపటి పరిశోధకుడికి పునరావిష్కరించడానికైనా ఏమీ మిగలదు. సేకరణ ముందు జరగాలి. విలువల నిర్ణయం దాని తరువాతి పని.