కొసరు పేరిట పోటీకి ఎసరు

వ్యాపార సాఫ్ట్‌వేర్ సంస్థల షేర్లు కొనేవారి మధ్య కొన్నేళ్లుగా ఒకటే వాదన. ఒక్క పనినే చక్కగా చేసిపెట్టే సంస్థ నిలదొక్కుకుంటుందా, అన్నిటినీ మూటగట్టి అమ్మే దిగ్గజం దాన్ని మింగేస్తుందా? మూటగట్టే సత్తా ఉన్న కంపెనీ షేరే భద్రమని తేల్చేసేవారు ఎక్కువ. లాభాల లెక్కలో అది ఒప్పే కావచ్చు. పోటీ చట్టం మాత్రం ఆ లెక్కను నెత్తిన పెట్టుకోకూడదు.

స్లాక్‌కు జరిగింది చూడండి. ఆఫీసు సిబ్బంది మాట్లాడుకోవడానికి, ఫైళ్లు పంచుకోవడానికి ఒకే చోటు అన్న పద్ధతికి ఆదరణ తెచ్చిన సంస్థల్లో అది ముందుంది. 2017లో మైక్రోసాఫ్ట్ అదే పని చేసే టీమ్స్‌ను తెచ్చి, కంపెనీలు అప్పటికే డబ్బు కట్టి వాడుతున్న ఆఫీస్ సూట్‌లో కలిపేసింది. 2019 జూన్‌లో స్లాక్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో అడుగుపెట్టింది. మరుసటి నెలలోనే టీమ్స్‌ను రోజూ 1.3 కోట్ల మంది వాడుతున్నారని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ ఏడాది మొదట్లో స్లాక్ చెప్పుకొన్నది కోటి. ఇలా కలిపి అమ్మడంపై ఫిర్యాదుతో 2020 జులైలో స్లాక్ ఐరోపా కమిషన్ తలుపు తట్టింది. డిసెంబరుకల్లా 2,770 కోట్ల డాలర్లకు మరో సాఫ్ట్‌వేర్ దిగ్గజం సేల్స్‌ఫోర్స్ చేతికి వెళ్లడానికి ఒప్పుకుంది. కమిషన్ అధికారికంగా దర్యాప్తు మొదలుపెట్టింది 2023 జులైలో! టీమ్స్ లేని సూట్‌ను తక్కువ ధరకు ఇస్తామని, పోటీ సాఫ్ట్‌వేర్‌తో కలిసి పనిచేసే వీలు కల్పిస్తామని మైక్రోసాఫ్ట్ ఇచ్చిన హామీలను 2025 సెప్టెంబరులో కమిషన్ చట్టబద్ధం చేసింది. షరతులు మంచివే, కానీ ఫిర్యాదుదారు అమ్ముడుపోయి అప్పటికి ఏళ్లు గడిచాయి.

బాగుంది కాబట్టే టీమ్స్ గెలిచిందంటారు. వీడియో సమావేశాల వరకు అందులో నిజముంది. అయితే ఏది బాగుందో పోల్చి చూసే అవసరమే కంపెనీలకు లేకుండా పోయింది. ఉచితంగా వచ్చినదాన్ని పక్కనపెట్టి మరోదానికి డబ్బెందుకని ఆర్థిక విభాగం అడిగితే సమాధానం చెప్పడం ఎవరికైనా కష్టమే. కొసరు ఖరీదు అసలు ధరలోనే ఉంటుంది, బిల్లులో కనబడదంతే.

ఇక్కడ సేల్స్‌ఫోర్స్‌ను బాధితుల వరుసలో కూర్చోబెట్టాల్సిన పనీ లేదు. స్లాక్‌లోని సమాచారాన్ని బయటి ఏఐ సంస్థలు పెద్దయెత్తున తోడుకుని దాచుకోకుండా 2025లో అది నిబంధనలు బిగించింది. గేటు ఎవరి చేతిలో ఉంటే తాళం వాళ్లే వేస్తారు. మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల మన హైదరాబాదీ అన్న అభిమానం మనకు ఉండొచ్చు, నియంత్రణ సంస్థకు ఉండకూడదు. ఈ రెండు కంపెనీలకూ హైదరాబాద్‌లో కార్యాలయాలున్నాయి కాబట్టి ఉద్యోగాల బూచి చూపించేవారూ లేకపోలేదు. పోటీ చచ్చిన రంగంలో కొత్త సంస్థలు పుట్టవు, వాటితో వచ్చే ఉద్యోగాలూ పుట్టవు.

ఇక మన దేశానికి వస్తే, కేంద్రం 2024 మార్చిలో బయటపెట్టిన డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదాలో మూటగట్టి అమ్మడంపై ఆంక్షలున్నాయి. అవి వర్తించే కీలక సేవల జాబితాలో ఆపరేటింగ్ సిస్టమ్‌లు, బ్రౌజర్లు, క్లౌడ్ ఉన్నాయి గానీ ఆఫీసు సాఫ్ట్‌వేర్ పేరు విడిగా లేదు. ఆ పేరు చేర్చి బిల్లును పార్లమెంటు ముందుంచాలి. ఈలోగా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మధ్యంతర ఉత్తర్వులిచ్చే అధికారం పోటీ చట్టం 33వ సెక్షన్ కింద కాంపిటీషన్ కమిషన్‌కు ఇప్పటికే ఉంది. ఫిర్యాదు చేసిన సంస్థ బతికుండగానే దాన్ని వాడాలి.