మేడ్చల్‌లో బడికి జాగా ఎక్కడ?

మేడ్చల్, శామీర్‌పేటల్లో సర్కారు జాగా కావాలంటే ముందు రికార్డు తిరగేస్తారు. పోరంబోకు, సీలింగ్, అసైన్డ్, శిఖం... కాగితం మీద ఎకరాలకు కొదవ ఉండదు. మోకా మీదికి వెళ్తే ఒక ముక్క చెరువు నిండితే నీరు నిలిచే హద్దు (ఎఫ్‌టీఎల్‌)లో ఉంటుంది, ఇంకోటి కోర్టులో, మూడోదానికి దారే ఉండదు.

ఈ వైపు భూమి పెద్ద సంస్థల కొలతకు అలవాటు పడింది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జీనోమ్ వ్యాలీ, 200 ఎకరాల బిట్స్ ప్రాంగణం అలా వచ్చినవే. 2024 అక్టోబరు 11న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కొందుర్గులో శంకుస్థాపన చేసిన యంగ్ ఇండియా గురుకులాల కొలతా అదే: ఒక్కోదానికి 20 నుంచి 25 ఎకరాలు. అద్దె భవనాల్లో ఇరుక్కున్న గురుకులాలకు సొంత గూడు కావాలి, కాదనలేం. కానీ హైదరాబాద్ అంచున మిగిలిన పెద్ద ముక్కలన్నీ హాస్టల్ బడులకే పోతే, పొద్దున నడిచివెళ్లి సాయంత్రం ఇల్లు చేరే బడికి ఏం మిగులుతుంది?

చార్టర్ బడులున్న అమెరికాలోనూ పేచీ జాగా దగ్గరే. ప్రభుత్వ సొమ్ముతో ప్రైవేటు నిర్వహణలో నడిచే ఈ బడులకు 1991లో మిన్నెసోటా తొలి చట్టం చేసింది. 2014లో న్యూయార్క్ రాష్ట్రం, కొత్తవాటికి సర్కారు బడుల్లో చోటివ్వాలని, లేదా అద్దె భరించాలని న్యూయార్క్ నగరం నెత్తిన పెట్టింది. మన దగ్గర బడి పెడతామనే ట్రస్టులు నేరుగా భూమే అడుగుతాయి. అద్దెయితే ఏదో ఒకనాడు ఆపొచ్చు. ఇచ్చిన భూమి తిరిగొస్తుందా?

అడగకుండా ఆక్రమించే దారీ లేదు. ఊరుమ్మడి భూముల ఆక్రమణలను క్రమబద్ధం చేయొద్దని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పిన సుప్రీంకోర్టు, అప్పటికే బడి ఉన్న చోటికి మినహాయింపునిచ్చింది. కొత్తగా బోర్డు తగిలించి జాగా పట్టేవాళ్లకు అది దారి కాదు.

విద్యాహక్కు నిబంధనల ప్రకారం ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలి. పటం మీద ఆ కిలోమీటరు సరిపోవచ్చు. మధ్యలో రాజీవ్ రహదారి ఉంటే? లారీల మధ్య నుంచి ఆరేళ్ల పిల్లను కూలికి పోయే తల్లి ఒంటరిగా పంపదు.

2025 జనవరి 1న శామీర్‌పేట, మేడ్చల్ మెట్రో ప్రకటన వచ్చాక భూమి ధర మరో మెట్టెక్కింది. కాబట్టి ఇక ఏ భూమి కేటాయింపు ఫైలు కదలాలన్నా ముందు ఆవాసాల వారీగా బడి ఈడు పిల్లల లెక్క, నడక దారి పటం జతచేయాలి. ఆ లెక్క ప్రకారం ఒకటి రెండు ఎకరాలు బడికి పక్కన పెట్టి, రిజిస్ట్రేషన్ల నిషేధిత జాబితాలో ఎక్కించాకే మిగతా దరఖాస్తులు చూడాలి.