"నువ్వేమైనా డాక్టరువా?" అని అడిగిన అన్నకి

పోస్టు కొంచెం పొడుగు. ఓపిగ్గా చదవండి, చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి.

మొన్న ఆదివారం మన గ్రూపులో ఒక సీనియర్ అన్న నలభై సెకన్ల వీడియో పెట్టాడు. షుగర్ మాత్రలు జీవితాంతం మింగక్కర్లేదట, ఏదో ఆకు రసం 21 రోజులు తాగితే చాలట. "మన తండాల్లో, గూడేల్లో పెద్దోళ్ళందరికీ చేరేదాకా షేర్ చేయండి" అని పైన రాశాడు. సాయంత్రానికి ఎనభై లైకులు. నేను కింద "అన్నా, దయచేసి ఇది తీసెయ్యండి" అని రాశా. అంతే. "నువ్వేమైనా డాక్టరువా?" అని ఒకరు. "నాలుగు అక్షరాలు రాగానే మన వైద్యం తప్పైపోయిందా?" అని ఇంకొకరు. "నచ్చకపోతే చూడకు" అని మరొకరు.

నేను డాక్టర్ని కాదు. డిగ్రీ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటా. మాది దాచేపల్లి దగ్గర తండా. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటివాణ్ణి నేనే. ఆ వీడియో ఎందుకు తీసెయ్యమన్నానో చెప్పాలంటే మా యాడి సంగతి చెప్పాలి. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే అందులో తప్పు నాది.

మా ఊరికి 104 వ్యాన్ వచ్చినప్పుడు యాడికి బీపీ చూశారు. 170 బై 100. రోజూ ఒకటి వేసుకోమని ఆమ్లోడిపిన్ మాత్రలు ఇచ్చారు, ఉచితంగానే. మూడు నెలలు బుద్ధిగా వేసుకుంది. తర్వాత మిరప కోతల దగ్గర ఎవరో అన్నారంట, "ఒకసారి మొదలుపెడితే చచ్చేదాకా మింగాలి, కిడ్నీలు పోతాయి" అని. భయపడి నాకు ఫోన్ చేసింది. "చదువుకున్నోడివి, నువ్వు చెప్పు" అంది.

ఆ రాత్రి హాస్టల్లో పడుకుని ఫోన్ చూస్తుంటే ఒక షార్ట్ వచ్చింది. తెల్ల కోటు, మెడలో స్టెతస్కోపు, చక్కటి తెలుగు. వెల్లుల్లి, తేనె, ఏడు రోజులు, బీపీ మాయం. నేను సగం చూసి తమ్ముడి ఫోన్‌కి పంపా. "యాడికి చూపించు" అని రాశా. చివరిదాకా చూడలేదు. చివర్లో ఆయన "ఆ తర్వాత మీ మాత్రలు చెత్తబుట్టలో వేయండి" అంటాడు. యాడి చివరిదాకా చూసింది. చెప్పినట్టే చేసింది.

రెండు నెలలు ఏమీ కాలేదు. బాగానే ఉంది. తనతో కోతకొచ్చే నలుగురు ఆడవాళ్ళకి కూడా చెప్పింది, "మావాడు పంపాడు, కాలేజీలో చదువుతున్నాడు" అని. ఫిబ్రవరిలో ఒక పొద్దున చేలోనే మూతి ఒక పక్కకి వంకరపోయింది. చేతిలో కాయలు జారిపోయాయి. ఎండ దెబ్బ అనుకున్నారు. దగ్గర్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కిస్తూ రెండు గంటలు పోయాయి. అక్కణ్ణించి ఆటోలో ఒక ఆసుపత్రి, అక్కణ్ణించి పెద్దాసుపత్రి. అక్కడి డాక్టరమ్మ అడిగిన మొదటి మాట "ఎన్ని గంటలకి మొదలైంది?" రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉందట, అది నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలట. మేము వెళ్ళేసరికి ఆ టైము దాటిపోయింది.

యాడి బతికింది. నడుస్తుంది. ఎడమ చెయ్యి పట్టు లేదు. మిరపకాయ తొడిమ తియ్యాలంటే రెండు చేతులూ కావాలి. కోతలు అయిపోయాక మా ఇంటికి ఆ తొడిమల కూలీయే ఆధారం.

అన్నా, మీరు మంచి మనసుతోనే పెట్టారు. నేనూ మంచి మనసుతోనే పంపా. అందుకే చెప్తున్నా.

బీపీ అనే జబ్బు ఎలాంటిదో ఆ వీడియో చేసినవాడికి బాగా తెలుసు. బీపీ ఎక్కువున్నా చాలామందికి నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. మాత్ర మానేసిన మర్నాడు కూడా మనిషి మామూలుగానే ఉంటాడు. వారం తర్వాతా మామూలుగానే ఉంటాడు. కాబట్టి వెల్లుల్లి పని చేసినట్టే కనిపిస్తుంది. వీడియో కింద "నాకు తగ్గింది సార్" అని కామెంట్లు పెట్టేవాళ్ళు అందరూ అబద్ధాలకోర్లు కాదు. ఆ రోజుకి వాళ్ళకి అలాగే అనిపిస్తుంది. రక్తనాళం చిట్లిన రోజునో, మూసుకుపోయిన రోజునో వాళ్ళు వచ్చి కామెంటు పెట్టరు. షుగర్ కూడా ఇలాంటిదే. కళ్ళు, కిడ్నీలు, పాదాలు లోపల్లోపల పాడవుతూ ఉంటే పైకి ఏళ్ళ తరబడి తెలియదు. సలహా తప్పో ఒప్పో మనకి తెలిసేలోపు ఆ సలహా ఇచ్చినవాడు ఇంకో వంద వీడియోలు చేసుంటాడు.

ఇప్పుడు మీరన్న మాటలకి వస్తా.

ఒకటి, "మన వైద్యాన్ని తప్పు పడుతున్నావు". లేదన్నా. మా నానమ్మ ఆకు పసరు ఇచ్చేది. ఇచ్చే ముందు మనిషిని చూసేది, నాలిక చూసేది, ఏం తిన్నావని అడిగేది. మర్నాడు పొద్దున్నే గుడిసె దగ్గరికొచ్చి ఎలా ఉందో చూసేది. తగ్గకపోతే "నా వల్ల కాదు, దవాఖానాకి తీసుకుపోండి" అనేది. ఏదైనా తేడా వస్తే తండాలో నలుగురి ముందు తల ఎత్తుకోలేదని ఆమెకి తెలుసు. ఆ వీడియోలోవాడికి మా యాడి ఎవరో తెలియదు. చెయ్యి పడిపోయిందని కూడా తెలియదు. అతను మన ఆకు పేరు వాడుకున్నంత మాత్రాన మన వైద్యుడు అయిపోడు.

రెండు, "ఇంగ్లీషు మందులన్నీ కంపెనీల వ్యాపారం". సరే, వ్యాపారమే చూద్దాం. యాడి మాత్రలు విలేజ్ క్లినిక్‌లో ఉచితం. ఆ వీడియో కింద మాత్రం లింకు ఉంది, నొక్కితే డబ్బా అమ్ముతారు. ఇందులో వ్యాపారి ఎవరు? షుగర్, అధిక రక్తపోటు, పక్షవాతం లాంటి జబ్బుల్ని నయం చేస్తామని మందుల ప్రకటన ఇవ్వడం నేరమని 1954 నుంచే మన దేశంలో చట్టం ఉంది. దాన్ని డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అంటారు. మొదటి తప్పుకే ఆరు నెలల దాకా జైలు వెయ్యొచ్చు. 2024లో సుప్రీంకోర్టు పతంజలి లాంటి పెద్ద సంస్థ చేతే పత్రికల్లో బహిరంగ క్షమాపణ వేయించింది, ఇలాంటి ప్రకటనల గొడవలోనే. అంత పెద్దవాళ్ళకే తప్పలేదు. కానీ ఫోన్లో వచ్చే నలభై సెకన్ల మనిషిని ఎవరు పట్టుకుంటారు? అతన్ని మన ఇళ్ళలోకి మోసుకొచ్చేది మనమే. తండాలో యాడి నమ్మింది ఆ తెల్ల కోటుని కాదు, నన్ను.

మూడు, "ఆసుపత్రిలో మనల్ని ఎవడు పట్టించుకుంటాడు". ఇది మాత్రం నిజం. ఒప్పుకుంటా. క్యూలో మూడు గంటలు, లోపల రెండు నిమిషాలు. ఈ మాత్ర ఎందుకు, ఎన్నాళ్ళు, మానేస్తే ఏమవుతుంది అని యాడికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ ప్రశ్నకి జవాబు దొరకలేదు కాబట్టే ఫోన్లో వెతికాం. పల్లెకే డాక్టర్ వచ్చే ఫ్యామిలీ డాక్టర్ పథకాన్ని 2023 ఏప్రిల్ 6న మొదలుపెట్టింది మన పల్నాడు జిల్లాలోనే, చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో. వచ్చే డాక్టర్ని నిలబెట్టి అడిగే హక్కు మనకుంది. పట్టించుకోకపోతే కలెక్టర్ ఆఫీసు గ్రీవెన్స్‌కి పోదాం, ఐటీడీఏకి రాద్దాం, నేను కూడా వస్తా. డాక్టర్ సరిగ్గా మాట్లాడలేదన్న కోపంతో యాడి మాత్రలు పారేస్తే ఆ డాక్టర్‌కి పోయేదేం లేదు.

ఇంతా చెప్పి వీడియోలన్నీ ఆపెయ్యమంటానా? అనను. కాలేజీలో కొందరు సార్లు "మీవాళ్ళు రీల్స్ చూసి చెడిపోతున్నారు" అని నవ్వుతుంటారు. ఆ నవ్వు కూడా నాకు పడదు. చదవడం రాని మా యాడికి పోస్టర్ అంటించి ఏం లాభం? వినే వీడియో ఆమెకి పుస్తకం లాంటిది. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధించారు, ఆ ఏడాదే రీల్స్, షార్ట్స్ వచ్చేశాయి. ఇది పోయేది కాదు. ఏది పంచాలో, ఏది పంచకూడదో తేల్చుకోవాలి.

మంచి వీడియో ఎలా ఉంటుందో కూడా మన దగ్గరే ఉదాహరణ ఉంది. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు. మందుల షాపుల్లో ఓఆర్‌ఎస్ అని పేరు రాసి అమ్మే చక్కెర పానీయాలు అసలు ఓఆర్‌ఎస్ కావు, విరేచనాలు అయ్యే పిల్లలకి వాటివల్ల ఇంకా ప్రమాదం అని ఏళ్ళ తరబడి వీడియోలు చేసి చెప్పారు. 2022లో తెలంగాణ హైకోర్టుకి వెళ్ళారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని ఆదేశం ఇచ్చింది. ఆమె వీడియో చూసినవాళ్ళు ఏం చేశారు? ప్యాకెట్ తిప్పి లేబుల్ చదివారు. 2024 అక్టోబరులో మన దాచేపల్లిలోనే విరేచనాలు ప్రబలి మనుషులు పోయారు కదా. ఇలాంటి సమయంలో మన తండాల్లో తిరగాల్సిన వీడియో ఏది? లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు, ఆరు చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి, పిల్లాడు నీరసపడితే ఆగకుండా ఆసుపత్రికి. ముప్పై సెకన్లు కూడా పట్టదు.

నాకు అర్థమైన తేడా ఇదీ. వీడియో చూసి మనిషి పరీక్ష చేయించుకోవడానికో, ఆసుపత్రికో బయల్దేరితే ఆ వీడియో పంచండి. వేసుకునే మందు మానేస్తే, వెళ్ళాల్సిన చోటికి వెళ్ళడం ఆపేస్తే, ఆ వీడియో చంపేస్తుంది. పాము కరిచినప్పుడు కట్టు బిగించకు, కొయ్యకు, కదిలించకుండా 108లో తీసుకెళ్ళు, విరుగుడు ఇంజెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంటుంది అనే వీడియో మొదటి రకం. "వేరు నూరి రాస్తే విషం దిగుతుంది" అనేది రెండో రకం.

మధ్యలో ఇంకో రకం ఉంది. "రక్తం తక్కువుందా, బీట్‌రూట్ తాగండి." వినడానికి తప్పేం లేదు. కానీ రక్తం తగ్గడానికి తిండి ఒక్కటే కారణం కాదు. కడుపులో నులిపురుగులు కావచ్చు, సికిల్ సెల్ కావచ్చు. మన గ్రూపులో పాడేరు, రంపచోడవరం వైపు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. 2047 కల్లా సికిల్ సెల్ లేకుండా చేస్తామని 2023 జులై 1న కేంద్రం మిషన్ మొదలుపెట్టింది గిరిజన ప్రాంతాల కోసమే. అది రక్త పరీక్షతోనే తేలుతుంది. బీట్‌రూట్ రసం తాగుతూ ఆ పరీక్షకి పోకపోతే నష్టం ఎవరికి?

అడ్మిన్లకి నా విన్నపం. ఆరోగ్యం వీడియో పెట్టేవాళ్ళు ముందు మూడు చూసుకోవాలని గ్రూపు రూల్ పెట్టండి. చెప్పేవాళ్ళ పేరు, డిగ్రీ, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్నాయా. కింద ఏదైనా అమ్ముతున్నారా. మాత్ర మానెయ్యమంటున్నారా. మూడోది ఉంటే మొదటి రెండూ చూడక్కర్లేదు, అక్కడే తీసెయ్యండి. చివరిదాకా చూడకుండా ఎవరూ ఏదీ పంపొద్దు. ఇది నాకు నేను చెప్పుకునే మాట.

మన గ్రూపులో నర్సింగ్ అక్కలున్నారు, ఫార్మసీ అన్నలున్నారు. మీరు మన భాషలో చెప్పండి. లంబాడీలో, ఎరుకలలో, కోయలో. బీపీ మాత్ర ఎందుకు మానకూడదో ఒక నిమిషం. మూతి వంకరపోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా గడియారం చూసుకుని పరుగెత్తాలని ఒక నిమిషం. తీసేటప్పుడు ఫోన్ పట్టుకోవడానికి నేను రెడీ.

పోయిన సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు, యాడి మాట విని మాత్రలు మానేసిన ఆ నలుగురి ఇళ్ళకీ వెళ్ళా. యాడి కూడా వచ్చింది. ముగ్గురు మళ్ళీ మొదలుపెట్టారు. నాలుగో ఆవిడ "నీ కొడుకు అప్పుడొకటి చెప్పాడు, ఇప్పుడొకటి చెప్తున్నాడు, ఏది నమ్మాలి?" అని యాడినే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. యాడి ఏమీ మాట్లాడకుండా ఎడమ చెయ్యి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

అన్నా, ఆ వీడియో ఇంకా గ్రూపులో ఉంది. ఈ రాత్రికి తీసెయ్యండి.