కళ కోసం పట్నం పోయిందెవరు?

"హైదరాబాద్‌లో నాటకాలు, కచేరీలు, పుస్తక ప్రదర్శనలు. ముప్కాల్‌లో ఏముంది?" పండుగకు ఊరికొచ్చినవాళ్ల నోట ఈ మాట వినని ఇల్లు మా వైపు తక్కువ. ఫ్లాట్లు అమ్మేవాళ్లదీ ఇదే పాట. అమెరికాలో దీన్నొక సిద్ధాంతమే చేశారు. కళలు వర్ధిల్లే నగరాన్నే ప్రతిభావంతులు వెతుక్కుంటూ వస్తారని 2002లో రిచర్డ్ ఫ్లోరిడా పుస్తకం రాశాడు. అట్లాంటి నగరాల్లో అద్దెలు పెరిగి మామూలు మనుషులు నిలవలేకపోతున్నారని 2017లో మళ్లీ ఆయనే ఇంకో పుస్తకం రాయాల్సి వచ్చింది. మొదటిది మనదాకా చేరింది, రెండోదాన్ని ఎవరూ తలచుకోరు.

మా ముప్కాల్ మండలం నుంచి పట్నం పోయినవాళ్లను అడిగి చూడండి. పిల్లల చదువు, కొలువు, పెద్దాసుపత్రి అంటారు. నాటకం కోసం పోయామన్నవాళ్లు నాకింకా తగల్లేదు. దుబాయ్, మస్కట్ పోయినవాళ్లు అక్కడి సంగీతం వినడానికి పోలేదు గదా! రవీంద్రభారతి 1961 నుంచీ ఉంది. కొంపల్లిలో ఇల్లు కొన్నవాళ్లు దాని మెట్లు ఎన్నిసార్లెక్కారు? ఆరింటి నాటకానికి నాలుగింటికే బయల్దేరాలి, ట్రాఫిక్ కరుణిస్తే. పోయాక చెప్పుకోవడానికి కళ మంచి సాకు, అంతే.

ఇంతకీ ఆ వేదికలెక్కేదెవరు? చిందు భాగవతంలో పేరుమోసిన చిందుల ఎల్లమ్మ మన నిజామాబాద్ జిల్లా మనిషి. 2024లో పద్మశ్రీ ప్రకటించిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యది జనగామ జిల్లా, బుర్రవీణ దాసరి కొండప్పది నారాయణపేట జిల్లా. సురభి నాటకాల పేరే కడప జిల్లాలోని ఒక పల్లెది. 1885లో ఆ నాటకాలు మొదలైందక్కడే. పట్నం వీళ్లకు శాలువా కప్పి, ఫొటో దిగి, రాత్రి బస్సెక్కిస్తుంది.

ఊరివాళ్లకు కళ పట్టదంటారు. 2023లో 'బలగం' సినిమా వచ్చినప్పుడు ఊరూరా తెరలు కట్టుకుని, ముసలీ ముతకా అందరూ నేల మీద కూర్చుని చూశారు. ఇది నిర్మాతలు పోలీసులకు ఫిర్యాదు చేసేదాకా పోయింది. సినిమా చివర్లో బుడగజంగాల కథ మొదలయ్యేసరికి కొంగులు తడిశాయి. ఆ తడి ఏ కళాభిమానానికి తక్కువ?

ఎదుటివాళ్ల వాదనలో ఒకటి మాత్రం కొట్టిపారేయలేనిది. ఊరి కళను కులం కట్టేసింది. చిందువాళ్లు మాదిగవాడల్లో ఆడి, వాళ్లిచ్చే దానితో బతకాల్సిందే. ఎవరు ఎక్కడ కూర్చుని చూడాలో కులమే చెప్పేది. టికెట్ కొన్నవాడెవడైనా ముందు వరుసలో కూర్చునే హాలు పట్నమే చూపించింది. నిజమే, కాదనను. అయితే ఆ హాలు పట్నం దాటి రాకూడదా? కుర్చీలు, కరెంటు, కళాకారుడి చేతిలో పెట్టే డబ్బు హుస్సేన్‌సాగర్ ఒడ్డునే మొలవవు. పొలిమేరలో జాతీయ రహదారి పోతున్న మండల కేంద్రానికి నెలకొక ఆట రప్పించడం సర్కారుకు ఎంత పని?

డబ్బేదీ అంటారా? ఆట సంగతి అటుంచి, ముందు పుస్తకాల డబ్బు చూడండి: మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్ను ఉంది. పంచాయతీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఈసారి గ్రామసభలో ఎవరైనా లేచి ఆ లెక్క అడగండి: ఎంత వసూలైంది, జిల్లాకు ఎంత చేరింది, తిరిగి ముప్కాల్‌కు ఎంతొచ్చింది?