పేరు మారింది... హక్కు పోయింది!

2021లో వచ్చిన ‘జాంబీ రెడ్డి’ గుర్తుందా? కర్నూలు ఫ్యాక్షన్ పల్లెలోకి జాంబీలు దిగబడితే జనం నవ్వుకున్నారు, కాస్త భయపడ్డారు కూడా. గుంపులుగా మీదపడటం, మనుషుల్ని పీక్కు తినడం, తల పగిలితే తప్ప చావకపోవడం... మన కథల్లోని దెయ్యాలకు ఇలాంటి అలవాట్లు లేవు. ఇవన్నీ నేర్పింది అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో బీరు ప్రకటనలు తీసుకునే ఓ కుర్రాడు. పేరు జార్జ్ రొమేరో.

జాంబీ అనే మాట అంతకుముందూ ఉంది. హైతీ కథల్లో అది మంత్రగాడి మాట వినే శవం. పాపం, వెట్టిచాకిరీ చేసేదే తప్ప మనిషి జోలికి వచ్చేది కాదు. విచిత్రం ఏమిటంటే, రొమేరో తొలి సినిమాలో ఆ మాటే వినిపించదు. రిచర్డ్ మాథిసన్ నవల ‘ఐ యామ్ లెజెండ్’ చదివాకే ఈ ఊహ వచ్చిందని ఆయన ఎన్నడూ దాచుకోలేదు.

చదువు కోసం పిట్స్‌బర్గ్ వచ్చి అక్కడే ఉండిపోయిన రొమేరో, మిత్రులతో కలిసి చిన్న ప్రకటనల కంపెనీ పెట్టాడు. పిల్లల టీవీ కార్యక్రమం ‘మిస్టర్ రోజర్స్’ కోసం టాన్సిల్స్ ఆపరేషన్ మీద ఓ ముక్క కూడా తీశాడు. ఆ తర్వాత సొంత సినిమా మీదకు మనసు మళ్లింది. పదిమంది తలా 600 డాలర్లు వేసుకున్నారు. చేతిలో 6,000! తెలిసినవాళ్లందరి దగ్గరా పోగుచేసుకుంటూ పోతే చివరికి లక్షా 14 వేల డాలర్లయింది. కూల్చేయబోతున్న ఓ పల్లెటూరి ఇల్లే సెట్టు. రక్తానికి చాక్లెట్ సిరప్. నలుపు తెలుపు సినిమా కదా, ఎవరు కనిపెడతారు! శవాలు తినే మాంసం అసలైనదే. నటుల్లో ఒకాయనకు మాంసం దుకాణాలు ఉండటం కలిసొచ్చింది.

హీరోగా నల్లజాతి నటుడు డ్యూయేన్ జోన్స్‌ని తీసుకున్నారు. 1968 అమెరికాలో అది మామూలు విషయం కాదు. అందరికన్నా బాగా చేశాడు కాబట్టే తీసుకున్నామని రొమేరో చెప్పేవారు. ప్రింటు కారులో వేసుకుని న్యూయార్క్ వెళుతుంటే, మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారన్న వార్త రేడియోలో విన్నారట. ఇంత చేసి చివర్లో ఆ హీరోకి ఏమవుతుందో తెలిస్తే ఆ వార్త విన్నప్పుడు వాళ్ల గుండె ఎందుకు జారిందో అర్థమవుతుంది.

సంతోషంగా ముగిస్తే కొంటామన్నారు ఒకరు. రొమేరో బృందం ఒప్పుకోలేదు. చివరికి వాల్టర్ రీడ్ సంస్థ తీసుకుంది. అప్పటికి సినిమా పేరు ‘నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్’. దాదాపు అదే పేరుతో ఇంకో సినిమా ఉండటంతో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’గా మార్చారు. అక్కడే కొంప మునిగింది. పాత పేరు కిందే కాపీరైట్ గుర్తు ఉంది. పేరు తీసి కొత్తది వేసినవాళ్లు ఆ గుర్తును మళ్లీ వేయలేదు. అప్పటి అమెరికా చట్టంలో ప్రింటు మీద ఆ గుర్తు లేకపోతే సినిమా అందరిదీ అయిపోయేది!

1968 అక్టోబరు 1న విడుదలైంది. ఇంకా వయసు రేటింగులు రాలేదు. మామూలు దెయ్యం బొమ్మే అనుకుని మ్యాట్నీకి వచ్చిన చిన్నపిల్లలు హాల్లో ఏడ్చారని విమర్శకుడు రోజర్ ఎబర్ట్ రాశాడు. అయినా జనం ఎగబడ్డారు. తర్వాత టీవీ చానెళ్లు వేసుకున్నాయి, వీడియో క్యాసెట్ల వాళ్లు అచ్చేసుకుని అమ్ముకున్నారు. ఎవరూ పైసా ఇవ్వనక్కర్లేదు. 1990లో రంగుల్లో మళ్లీ తీయడానికి ఒక కారణం, పోయిన డబ్బులో కొంతైనా రాబట్టుకోవాలనే.

తర్వాతి మూడు సినిమాలూ ఆడలేదు. 1978 నాటి ‘డాన్ ఆఫ్ ది డెడ్’తో మళ్లీ లేచాడు. ఊరి బయట షాపింగ్ మాల్‌లో, దుకాణాలు మూశాక రాత్రంతా షూటింగ్. క్రిస్మస్ అలంకరణలు పెట్టారని మధ్యలో కొన్నాళ్లు ఆపేశారు. చచ్చాక కూడా అలవాటు పోక మాల్‌కే వచ్చే శవాలు! ఆదివారం సాయంత్రం మన ఊళ్లో ఎస్కలేటర్ ముందు నిలబడి చూడండి, నవ్వొస్తుంది.

‘డే ఆఫ్ ది డెడ్’(1985) దగ్గర మళ్లీ పేచీ. హింస తగ్గిస్తే పెద్ద బడ్జెట్, లేకపోతే అందులో సగమే అన్నారు. ఆయన సగమే తీసుకుని కథను కుదించుకున్నాడు. మొండితనమే అనాలి. పెద్ద స్టూడియోతో ‘ల్యాండ్ ఆఫ్ ది డెడ్’(2005) తీసినా, తర్వాత మళ్లీ చిన్న సినిమాలకే వచ్చేశాడు. 2017 జులై 16న టొరంటోలో, 77వ ఏట కన్నుమూశాడు.

అదే ఏడాది ఆయన పాత సినిమా ప్రింటు ఒకటి బయటపడింది. పేరు ‘ది అమ్యూజ్‌మెంట్ పార్క్’. వృద్ధుల కష్టాల మీద తీసివ్వమని ఓ క్రైస్తవ సేవాసంస్థ అడిగితే 1973లో తీసింది. బాగుచేసి 2021లో జనం ముందుకు తెచ్చారు. గంట కూడా ఉండదు. తెల్ల సూటు వేసుకున్న పెద్దాయన ఒకరు సరదాగా పార్కులోకి వెళతాడు. జేబు కొట్టేస్తారు, కొడతారు, మిగతావాళ్లు చూడనట్టు పోతారు. జాంబీ ఒక్కటి కూడా లేదు. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే వాళ్ల పక్కన కూర్చుని చూడటం మాత్రం కష్టం.