జనరల్ స్థానం తలుపు ఎవరు మూశారు?

2016లో జహీరాబాద్ నుంచి విడిపోయి మొగుడంపల్లి ప్రత్యేక మండలమైంది. శాసనసభకు మాత్రం అది జహీరాబాద్‌తోనే ఓటేస్తోంది. నియోజకవర్గాల పునర్విభజనలో ఎస్సీలకు రిజర్వు అయిన ఈ స్థానానికి 2009లో డాక్టర్ జె. గీతారెడ్డి గజ్వేల్ నుంచి మారివచ్చి గెలిచారు. ఎన్నికల వార్తగా అది చిన్నదే. కులం కోణంలో చిన్నది కాదు.

ఆమె అప్పటికి కొత్త నాయకురాలు కారు. 1967, 1972లలో ఎల్లారెడ్డి నుంచి గెలిచి, మంత్రి పదవి లేకుండానే పాలకులను నిలదీసిన ఈశ్వరీబాయి కుమార్తె. స్వయంగా వైద్యురాలు. 1989లోనూ 2004లోనూ గజ్వేల్ ఆమెను గెలిపించింది. దళితులకు సాంఘిక సంక్షేమం అప్పగించి చేతులు దులుపుకునే చోట భారీ పరిశ్రమల శాఖనూ నిర్వహించారు. అయినా గజ్వేల్ జనరల్ కాగానే ఆమె చిరునామా మారింది. అక్కడే ఎందుకు నిలబడకూడదని అడగవలసిన మనం కూడా ఆ బదిలీని సహజమనే అనుకున్నాం.

జహీరాబాద్‌లో రెండుసార్లు గెలిచి, మంత్రిగానూ చేసిన ఫరీదుద్దీన్ సైతం సీటు వదులుకోవలసి వచ్చింది కదా అనవచ్చు. నిజమే. కానీ ఆయనకు అడ్డు వచ్చింది చట్టం. గజ్వేల్‌లో గీతారెడ్డికి ఏ చట్టమూ అడ్డు లేదు.

ఈ సంగతి తెలుగు నేల మీదే తేలింది. 1957లో ద్విసభ్య నియోజకవర్గమైన పార్వతీపురం లోక్‌సభ స్థానంలో ఇద్దరు గిరిజన అభ్యర్థులే గెలిచారు. ఓడిన వి.వి. గిరి, రిజర్వుడు స్థానానికి పోటీచేసిన డిప్పల సూరిదొరకు జనరల్ స్థానం ఎలా దక్కుతుందని న్యాయస్థానానికి వెళ్లారు. 1959లో సుప్రీంకోర్టు సూరిదొర ఎన్నికనే నిలబెట్టింది. 1961లో ద్విసభ్య నియోజకవర్గాలే రద్దయ్యాయి. గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యారు. సూరిదొర పేరు ఈనాటి విద్యార్థుల్లో ఎందరికి తెలుసు?

కాబట్టి తలుపు మూసింది రాజ్యాంగం కాదు, టికెట్లు పంచే చేతులు. దీని దెబ్బ పదవి మీదా పడుతుంది. తన నియోజకవర్గం రేపు జనరల్ అయితే ఇంకెక్కడికి పంపుతారో తెలియని మంత్రి, అధిష్ఠానాన్ని ఎంత గట్టిగా ఎదిరించగలరు? పదవి పెద్దదే కావచ్చు, కాళ్ల కింది నేల మాత్రం అరువుది.

రాష్ట్ర విభజన చట్టం తెలంగాణ శాసనసభ స్థానాలను 119 నుంచి 153కు పెంచాలంది. ఆ పునర్విభజన జరిగిననాడు జహీరాబాద్ మళ్లీ జనరల్ కావచ్చు. ఇప్పుడున్న 88 జనరల్ స్థానాల్లో దళితులకు ఎన్ని టికెట్లు ఇస్తారో పార్టీలను ఎన్నికల ముందే అడగాలి. మొగుడంపల్లికి ఓట్లకోసం వచ్చినప్పుడు ఇంకో ప్రశ్న కూడా అడగాలి: ఈ స్థానం జనరల్ అయిన మరుసటి రోజు, ఇక్కడి దళిత శాసనసభ్యునికే మళ్లీ టికెట్ ఇస్తారా?