చదువు వచ్చిన గాడిద

జంతువులచేత మాటలాడించి మనుష్యులకు బుద్ధి చెప్పుట మనకు క్రొత్త గాదు. విష్ణుశర్మ రాజకుమారులకు నీతి బోధింపనెంచి సింహమును, ఎద్దును, నక్కలను కథలోనికి రప్పించెను. చిన్నయసూరి 1853వ సంవత్సరమున ప్రకటించిన నీతిచంద్రిక మూలమున పింగళక సంజీవకులు తరతరముల తెలుగు విద్యార్థులకు పరిచితులైరి. అయితే ఆ నీతి ముఖ్యముగా ఏలువారికొరకు చెప్పబడినది. ఏలబడువారికొరకు చెప్పబడిన జంతుకథ యొకటి ఆంగ్లభాషయందు కలదు. అది జార్జి ఆర్వెల్ రచింపగా 1945వ సంవత్సరము ఆగస్టు నెలలో వెలువడిన "యానిమల్ ఫారం". దీనిని పెక్కుమంది చదివియున్నారు. కాని దాని నీతిని సగమే గ్రహించుచున్నారని నా యభిప్రాయము.

గ్రంథకర్త యసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. అతడు 1903లో మన దేశముననే, బీహారులోని మోతీహారిలో జన్మించెను. తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి. కుమారుడు బర్మాలో పోలీసు కొలువు చేసి, 1927లో ఆ దేశమును విడిచెను. పిమ్మట స్పెయిను అంతర్యుద్ధమున రిపబ్లికు పక్షమున పోరాడి, 1937లో కంఠమున తుపాకిగుండు దెబ్బ తినెను. అచ్చట తన తోడి సైనికులను సోవియట్ పక్షమువారు ద్రోహులని నిందించి చెరసాలల పాలుచేయుట కన్నులార చూచెను. అతడు కడదాక సామ్యవాదియే. కావున ఈ యధిక్షేపము ధనవంతుల పక్షమున పలికినది గాదు. నమ్మి మోసపోయిన శ్రమజీవుల పక్షమున పలికినది.

కథ సులభమైనది. త్రాగుబోతగు జోన్సు దొర పొలమునందలి పశువులు ఆకలికి తాళలేక తిరుగబడి, వానిని తరిమివేయును. పశువులన్నియు సమానమను మొదలుగాగల ఏడు ఆజ్ఞలను తారు పూసిన గోడపై తెల్లని యక్షరములతో వ్రాసికొనును. చదువు నేర్చిన పందులు పెత్తనము వహించును. వానిలో నెపోలియను అనునది తన కుక్కలచేత స్నోబాలు అను తోడి పందిని వెడలగొట్టి తానే ప్రభువగును. 1917లో రష్యా చక్రవర్తి నికొలాసు సింహాసనము కోల్పోవుట, 1929లో స్టాలిను ట్రాట్స్కీని దేశమునుండి వెడలగొట్టుట, 1936 మొదలు 1938 వరకు మాస్కోలో విప్లవపు పెద్దలే చేయని నేరముల నొప్పుకొని మరణదండనకు గురియగుట, ఇవన్నియు ఆ పశువుల కొట్టములో మరల జరుగుచున్నట్లుండును.

దీనిని చదివి కొందఱు "తిరుగుబాటు వ్యర్థము, ఒక దొర పోయిన మఱియొక దొర వచ్చును" అని నిట్టూర్చి పుస్తకము మూసివేయుదురు. ఇది గ్రంథకర్త యాశయము గాదు. పందులు పాలను, ఆపిలుపండ్లను తమకే దాచుకొన్న ఘట్టమే కథకు మలుపు అని అతడు 1946లో ఒక జాబులో వివరించెను. 1921లో క్రాన్‌స్టాట్ నావికులు తమ ప్రభుత్వమునే నిలదీసినట్లు, ఆ పశువులును అప్పుడే అడ్డగించియుండిన మేలు కలిగియుండునని అతని భావము. అనగా దోషము తిరుగబడుటలో లేదు. తిరుగబడిన తరువాత నిద్రించుటలో నున్నది.

ఎవరు నిద్రించిరి? ఉపాధ్యాయుడనైన నాకు ఈ ప్రశ్నయే ముఖ్యముగా తోచుచున్నది. బాక్సరను గుఱ్ఱము పగలనక రేయనక పాటుపడెను గాని, దానికి నాలుగక్షరములకు మించి రాలేదు. క్లోవరను ఆడుగుఱ్ఱము అక్షరములన్నియు నేర్చెను గాని, వానిని కూర్చి మాటగా చదువలేకపోయెను. అందుచేత గోడమీది ఆజ్ఞలు రాత్రికి రాత్రి మారుచుండగా, మొదటినుండియు నట్లే యున్నదేమో యని అవి తమ జ్ఞాపకమునే శంకించుకొనెను. పశువు పశువును చంపరాదన్న ఆజ్ఞకు సైతము ఒక షరతు తోకవలె వచ్చి తగుల్కొనెను. చదువురాని వారికి చేసిన మోసమిది, వారిని నిందింపను.

కాని ఆ పొలమున బెంజమిను అను ముసలి గాడిద కలదు. అది పందులతో సమానముగా చదువగలదు. గోడమీది వ్రాతను చదివి వినిపింపుమని క్లోవరు వేడినపుడు, ఇట్టి విషయములలో తాను తల దూర్చనని తొలగిపోయెను. ఒక రాత్రి స్క్వీలరను పంది నిచ్చెన విఱిగి రంగుడబ్బాతోకూడ క్రింద పడియుండగా, సంగతి గ్రహించినది ఆ గాడిద యొక్కటియే. తల యూపి యూరకుండెను. తుదకు తన ప్రాణమిత్రమైన బాక్సరును బండిలో నెక్కించుకొని పోవునపుడు, అది గుఱ్ఱములను చంపువాని బండి యని పైనున్న యక్షరములను బిగ్గరగా చదివెను. అప్పటికి తలుపు గడియ పడినది. బిలాము గాడిద సమయమునకు నోరు తెఱచి యజమానుని ప్రాణము కాపాడెను. ఈ గాడిద విద్వాంసుడై యుండియు స్నేహితుని కాపాడలేకపోయెను.

"నోరు తెఱచినచో కుక్కలు చీల్చియుండునే, మౌనమే వివేకము గాదా?" అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. కాని కథను మరల చదువుడు. పాలు మాయమై పందుల కుడితిలో కలసిన దినమున ఆ కుక్కపిల్లలు ఇంకను పుట్టనే లేదు. ఆనాడు ఒక్క ప్రశ్నకు వెల యేమియు లేదు. తొలినాడు మాటతో పోవునది, ఆలసించిన కొలది ప్రాణమునే కోరును.

ఈ గ్రంథము పొందిన గతియు ఇదే నీతిని చాటుచున్నది. 1944లో వ్రాతప్రతి సిద్ధమైనపుడు సోవియట్ దేశము బ్రిటనుకు యుద్ధమిత్రము. లండను ప్రచురణకర్తలు పలువురు దానిని త్రోసివేసిరి. వారిలో నొకరు సమాచారశాఖ యధికారి సలహామీద వెనుదీసిరి. పండితులున్న నగరమున సత్యము చెప్పుటకు వేళ గాదని పండితులే తలచిరి. 1950లో ఆర్వెల్ మరణించెను. 1954లో వచ్చిన బొమ్మల చలనచిత్రమునకు అమెరికా గూఢచారిశాఖ రహస్యముగా ధనమిచ్చెను. పుస్తకాంతమున పందులును మనుష్యులును ఒకే బల్లకడ కూర్చుండగా, కిటికీనుండి చూచు పశువులకు ఎవరెవరో తెలియకపోవును. చిత్రమున ఆ కడపటి దృశ్యమునుండి మనుష్యులను తొలగించి, పశువులు పందులపై మరల తిరుగబడినట్లు మార్చిరి. చూచితిరా! గోడమీది వ్రాతను దిద్దు కుంచె ఒక పక్షమువారి చేతిలోనే లేదు.

1991లో సోవియట్ రాజ్యము అంతరించినది. కథ మాత్రము అంతరింపలేదు. ఏలయన కుంచెయు నిచ్చెనయు ఏ దేశమునందైనను దొరకును. విద్యార్థులారా, మిమ్ము బాక్సరువలె నాలుగక్షరములతో నిలిచిపోనీయకుండుట మా విధి. బెంజమినువలె చదివి యూరకుండకుండుట మీ విధి. తలిదండ్రులకు నా మనవి యొక్కటే: పిల్లవాడు ఇంటిలోగాని బడిలోగాని "నిన్న ఇట్లు లేదే, నేడేల మారినది?" అని యడిగినపుడు, పొగరని కసరకుడు. ఆ ప్రశ్నకొరకే వానిని బడికి పంపుచున్నారు.